ఒంటి జంధ్యం చిన్నతాతయ్య

మా ఇంట్లో జంధ్యాల పున్నమికి ఏటేటా ఒకటే జోకు. పురోహితుడు గారు పసుపు రాసిన జంధ్యాలు విడదీస్తూ నాన్నకి రెండు, పెద్ద బాబాయికి రెండు, చిన్న బాబాయికి రెండు ఇచ్చి, చిన్నతాతయ్య దగ్గరికి వచ్చేసరికి కళ్లజోడు పైకెత్తి "తమరికి ఈ ఏడూ ఒకటేనా?" అని అడిగేవారు. "ఒకటేనయ్యా, నువ్వు సంబంధం తేందే రెండోది ఎక్కణ్ణించొస్తుంది" అనేవాడు ఆయన. అందరూ నవ్వేవారు, ఆయనా నవ్వేవాడు. అప్పటికి ఆయనకి డెబ్బై దాటాయి, ఛాతీ మీద వెంట్రుకలు ముగ్గుబుట్టలా తెల్లబడిపోయాయి, వాటి మధ్య సన్నగా ఆ ఒక్క జంధ్యం.

ఇప్పటి పిల్లలకి ఇది చెప్పాలి. ఒడుగు, అంటే ఉపనయనం, అయిన మగపిల్లాడికి మూడు పోగుల జంధ్యం ఒకటే ఉంటుంది, పెళ్లిలో రెండోది వేస్తారు. అంటే ఆడవాళ్లకి మెళ్లో పుస్తెలు, కాళ్లకి మట్టెలు ఎలాగో మగాడికి ఇది అలాగ. ఇప్పుడంటే చొక్కా కింద ఎవడికి ఏముందో ఎవడికీ తెలీదు గానీ ఆ రోజుల్లో కోనసీమలో ఉక్కకి ఉత్తరీయం తప్ప ఒంటి మీద ఇంకోటి ఉండేది కాదు కదా, ఊళ్లోకి కొత్తగా వచ్చినవాడు కూడా వీధరుగు మీద కూర్చున్న ఆయన్ని ఒక్కసారి చూస్తే చాలు, పాపం పెళ్లికాలేదు అని తెలిసిపోయేది. నాకు 1961లో ఒడుగు చేశారు, ఎనిమిదో ఏట. అప్పట్నించి ఇంట్లో ఒంటి జంధ్యాలు రెండే, ఆయనదీ నాదీ. "మనిద్దరిదీ ఒక పార్టీరా" అనేవాడు. నాకు అది భలే గొప్పగా ఉండేది, ఆయనకెలా ఉండేదో ఆలోచించే వయసు కాదు.

ఆయన మా తాతయ్యకి తమ్ముడు, 1893లో పుట్టాడు. ఊళ్లో పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ, బెమ్మచారి గారు అనేవారు, వెనకాల ఘోటక బ్రహ్మచారి అనేవారు, ఇంకా వెనకాలైతే చెప్పడానికి బాగోదు. ఘోటకం అంటే గుర్రం, పెళ్లాం దొరక్క బ్రహ్మచారిగా ఉన్నాడు గానీ నిష్ఠతో కాదు అని దాని అర్థం. ఇది నాకు హైస్కూల్లో తెలుగు మేష్టారు చెప్పారు, చెప్పి నా వంక చూసి కాస్త ఇబ్బంది పడ్డారు కూడా.

మీలో చాలామంది అనుకుంటారు, పాత రోజుల్లో కష్టాలన్నీ ఆడవాళ్లకే, మగాడు మహారాజు అని. ఆడవాళ్ల కష్టంతో పోలిస్తే మగాడిది కష్టమే కాదు, అది ఒప్పుకునే రాస్తున్నాను, ఆ సంగతి కిందకి వెళ్తే మీకే తెలుస్తుంది. కానీ పెళ్లికాని మగాడంటే ఆ సంఘానికి ఒక వింత లెక్క ఉండేది. వాడు పిల్లాడూ కాదు, పెద్దవాడూ కాదు. మా ఇంట్లో తద్దినాలకి భోక్తలుగా గృహస్థుల్నే పిలిచేవారు, కాబట్టి చిన్నతాతయ్య ఎంత చదువుకున్న వాడైనా ఏ ఇంటా భోక్తగా కూర్చోలేదు. వ్రతం పీటల మీద దంపతులు కూర్చోవాలి, ఒంటిగాడికి అక్కడ పీట లేదు. కన్యాదానానికి పనికిరాడు. అగ్ని ముందు ఔపాసన చెయ్యడానికి పక్కన భార్య ఉండాలి. ఇన్నిటికీ పనికిరాని మనిషి మరి దేనికి పనికొచ్చేవాడు అంటే మిగతా అన్నిటికీ. పెళ్లయితే వంటశాల దగ్గర గాడిపొయ్యి తవ్వించడం, రాత్రంతా బూందీ దూయించడం, అర్ధరాత్రి పంటు మీద గోదావరి దాటి వచ్చిన మగపెళ్లివారికి ఆకులెయ్యడం. చావైతే మొయ్యడానికి నలుగురిలో మొదటివాడు, ఊళ్లో ఎవరి అస్థికలైనా కాశీకి తీసుకెళ్లాలంటే ఈయనే, నాలుగుసార్లు వెళ్లాడు కాశీ, నాలుగుసార్లూ ఎవరివో ఒకరి అస్థికలతోనే. "వాడికేముంది, పెళ్లామా పిల్లలా" అనే మాట నేను చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఒంటికాయ శొంఠికొమ్ము, ఆలు లేదు చూలు లేదు, ఇలాంటి సామెతలన్నీ నాకు పుస్తకాల్లోంచి రాలేదు, ఆయన వెనకాల నడుస్తుంటే వచ్చాయి.

ఇంకోటి, శకునం. బయటికి వెళ్లేటప్పుడు విధవ ఎదురురాకూడదు అనేది అందరికీ తెలిసిందే, ఒంటి బ్రాహ్మడు ఎదురైనా పని అవ్వదనేవారు. మా ఇంట్లో రెండూ ఉన్నాయి మరి. నాన్న కోర్టు పని మీద అమలాపురం బయల్దేరితే చిన్నతాతయ్య చెప్పకుండానే లేచి పశువుల సావిట్లోకి వెళ్లిపోయేవాడు, అత్తయ్య వంటింటి తలుపు చాటుకి. నాన్న వీధి మలుపు తిరిగాక ఇద్దరూ మళ్లీ బయటికొచ్చేవారు. ఎవరూ వెళ్లమనేవారు కాదు, అమ్మకైతే బాధగా ఉండేది, అయినా జరిగేది అలాగే.

అత్తయ్య అంటే నాన్నకి మేనత్త, తాతయ్యకీ చిన్నతాతయ్యకీ ఒక్కతే చెల్లెలు, 1897లో పుట్టింది. నాన్న పిలిచినట్టే మేమూ అత్తయ్యా అనే పిలిచేవాళ్లం. తెల్ల పంచె, బోడిగుండు, ఒంటిపూట భోజనం. ఆవిడ కథ లేకుండా ఆయన కథ అర్థం కాదు, నాకూ చాలా ఆలస్యంగానే అర్థమైంది.

చిన్నప్పుడు ఆయన్నే అడిగాను, చిన్నతాతయ్యా నువ్వెందుకు పెళ్లి చేసుకోలేదు అని. "మాకున్నది ఒక్క చెల్లెలేరా" అన్నాడు. ఇదేం జవాబు అనుకున్నాను. చెల్లెలికీ ఈయన పెళ్లికీ ఏంటి సంబంధం!

సంబంధం ఏంటంటే కన్యాశుల్కం. ఆ రోజుల్లో మా వైపు బీద వైదికి బ్రాహ్మణ కుటుంబాల్లో మగపెళ్లివారు పిల్ల తండ్రికి డబ్బిచ్చి పిల్లని తెచ్చుకోవాలి. గురజాడ వారి 'కన్యాశుల్కం' నాటకం అందరికీ తెలిసిందే గానీ 1897లో వేసిన పుస్తకానికి ఆయన ఇంగ్లీషులో రాసిన ముందుమాట చదివినవాళ్లు తక్కువ, అందులో ఒక లెక్క ఉంటుంది. విజయనగరం మహారాజా వారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్లకి జాబితా రాయిస్తే 1034 తేలాయట, అది కూడా పూర్తి జాబితా కాదు. అందులో అయిదేళ్ల పిల్లలవే 99. నాటకం చూసి మనం లుబ్ధావధాన్లని చూసి నవ్వుకుంటాం, సరే, కానీ లుబ్ధావధాన్లు అన్ని వందలు పోసి పిల్లని కొంటుంటే ఆ పక్కన చేతిలో అన్ని వందలు లేక కూర్చున్న కుర్రాళ్ల సంగతేంటి అని నాకు మా చిన్నతాతయ్యని చూశాకే తట్టింది.

మా ముత్తాతకి రెండున్నర ఎకరాలు, ముగ్గురు పిల్లలు. 1904లో అత్తయ్యకి ఏడో ఏట పెళ్లి చేశాడు, వరుడికి నలభై పైనే, పెళ్లాం పోయినవాడు. వచ్చిన శుల్కం 400 రూపాయలు. ఆ నాలుగువందల్లోంచే మరో రెండేళ్లకి 350 ఇచ్చి పెద్దకొడుక్కి, అంటే మా తాతయ్యకి, పిల్లని తెచ్చాడు. మా మామ్మన్నమాట. మిగిలిన యాభై పెళ్లి ఖర్చుకి. లెక్క సరిపోయింది. చిన్నకొడుక్కి ఇంకో కూతురు ఉండాలి, లేదు. అదన్నమాట "ఒక్క చెల్లెలేరా" అంటే. కొన్ని ఇళ్లల్లో డబ్బు గొడవే లేకుండా కుండమార్పిళ్లు చేసుకునేవారు, మా పిల్లని మీకిస్తాం మీ పిల్లని మాకివ్వండి అని, దానికైనా చేతిలో ఒక ఆడపిల్ల ఉండాలి కదా.

1910లో అత్తయ్య మొగుడు పోయాడు. ఆవిడకి పదమూడేళ్లు, కాపరానికి కూడా సరిగ్గా వెళ్లలేదు. గుండు చేయించి పుట్టింటికి పంపేశారు. ఇక అక్కణ్ణించీ ఒకే ఇంట్లో ఒక గదిలో పెళ్లి చేసుకోకూడని పిల్ల, ఇంకో గదిలో పెళ్లికి పిల్ల దొరకని కుర్రాడు. ఆ ఇంట్లో ఇది వింత అని ఎవరికైనా అనిపించిందో లేదో తెలీదు. 1881లోనే రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు, మా ఊరికి గోదావరి మీద ఎంత దూరం, అయినా ముప్ఫై ఏళ్లకి కూడా ఆ మాట మా వీధిలోకి రాలేదు. వచ్చినా వెలి వేస్తారని భయం.

అసలు ఆడపిల్లలు తక్కువై మగాళ్లు మిగిలిపోయారనుకుంటే పొరపాటు. పెళ్లాం పోయినవాడు మళ్లీ చేసుకుంటాడు, మళ్లీ పోతే మళ్లీ చేసుకుంటాడు, ప్రతిసారీ వచ్చి క్యూలో నిలబడతాడు. మొగుడు పోయిన పిల్ల మాత్రం ఒక్కసారితో క్యూలోంచి అవుట్. మరి చివర్న నిలబడ్డ బీదవాడి దాకా ఎలా వస్తుంది? మారుమనువు ఉన్న కులాల్లో ఈ ఇబ్బంది ఇంతగా లేదు, మా పాలేరు వాళ్ల తండ్రి చేసుకున్నది మొగుడు పోయినావిడనే, హాయిగా కాపరం చేశారు. వాళ్లకీ ఓలి, అంటే పిల్ల తరఫు వాళ్లకి డబ్బు, ఇవ్వడం ఉండేది, దానికోసం కుర్రాళ్లు కాకినాడలో ఓడెక్కి రంగూను వెళ్లి రెండేళ్లో మూడేళ్లో రేవుల్లో మూటలు మోసి డబ్బు తెచ్చుకుని పెళ్లి చేసుకునేవారు. ఇల్లరికం అనే దారి ఇంకోటి. మా వాళ్లకి సముద్రం దాటకూడదు, మూట మొయ్యకూడదు, విధవని చేసుకోకూడదు, పెద్దమనిషి అయిన పిల్లని చేసుకోకూడదు. ఇన్ని కూడదుల మధ్య ఇక మిగిలిన దారి గుమాస్తాగిరీ.

చిన్నతాతయ్య ఇరవై రెండో ఏట కాకినాడ వెళ్లి ఒక బియ్యం కమిషన్ కొట్లో పద్దులు రాయడానికి చేరాడు. నెలకి పన్నెండు రూపాయలు. అక్కడ ఆయనకి తెలిసిన మొదటి సంగతి, పెళ్లికానివాడికి గది అద్దెకివ్వరని. ఇప్పుడు హైదరాబాద్‌లో మా అబ్బాయి ఫ్రెండ్స్ బ్యాచిలర్స్‌కి ఇల్లివ్వరు అంకుల్ అని మొత్తుకుంటుంటే నాకు నవ్వొస్తుంది, నూరేళ్లైనా ఇంటి ఓనర్ మారలేదు. ఇంట్లో ఆడవాళ్లున్నారు బాబూ, పెళ్లయ్యాక రా ఇస్తాం అనేవారట. పెళ్లికి డబ్బు కూడబెట్టడానికే కదండీ వచ్చాను అంటే, అది మీ సొంత విషయం. చివరికి కొట్టు వెనక గోనెల మీదే పడక, భోజనం పూటకూళ్లింట్లో. అక్కడ వండిపెట్టే ఆవిడ కూడా విధవే, పిల్లలతో. చెయ్యి కడుక్కునేటప్పుడు రోజూ ఆవిడ "నీ పెళ్లి ఎంతదాకా వచ్చింది నాయనా" అని అడిగేదట, సంబంధం గురించి కాదు, డబ్బు గురించి. ఈ నెల నూట నలభై, వచ్చే నెల నూట నలభై నాలుగు. ఆయన చెప్తుంటే నాకు ఇదేదో సైకిల్ కొనుక్కోవడానికి దాచుకున్నట్టుండేది.

వెనక్కి ఊరొస్తే పెద్దవాళ్ల ఎగతాళి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అని. అరుగు మీద సమవయస్కులు కూర్చుని సంసారం మాటలు మాట్లాడుకుంటుంటే ఈయన వచ్చేసరికి ఆపేసేవారు, చిన్నపిల్లాడు వచ్చినప్పుడు ఆపేసినట్టు. ఆడవాళ్లు నీళ్లకెళ్లే వేళకి రేవు వైపు వెళ్లకూడదు, పక్కింటి పెరట్లోకి వెళ్లాలంటే దగ్గుకుంటూ వెళ్లాలి. ఆ దగ్గు ఆయనకి ముసలితనంలో కూడా పోలేదు, మా అమ్మ వంటింట్లో ఉందని తెలిస్తే వసారాలోంచే దగ్గేవాడు. అమ్మ నవ్వుతూ "రండి మావయ్యగారూ, మీరేం పులా" అనేది.

1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. మా ఊళ్లో మొయ్యడానికి మనుషులు చాల్లేదట, ఈయన కాకినాడ నించి వచ్చి పదిరోజులు అదే పని చేశాడు. అది తగ్గిన మరుసటేడు అవతలి ఒడ్డున ఒక సంబంధం కుదిరింది. పిల్లకి తొమ్మిదేళ్లు, ఈయనకి ఇరవై ఆరు, ఆ రోజుల్లో ఇది ఈడూజోడూ కిందే లెక్క. 400కి ఒప్పుకున్నారు. ఈయన దగ్గర మూడొందల చిల్లర, మిగతాది కొట్లో అడ్వాన్సు. లగ్నాలు పెట్టుకోవడానికి కోటిపల్లి రేవు దాటి వెళ్తే పిల్ల తండ్రి కాళ్లకి నీళ్లివ్వలేదట, దాంతోనే అర్థమైపోయింది. ఆ జ్వరాల్లోనే రెండో పెళ్లాం పోయిన ఆసామీ ఒకాయన అయిదొందలు ఇస్తానన్నాడు. అంతే, అయిపోయింది.

దీనికి తోకొకటుంది. మూడో పెళ్లి అచ్చిరాదంటారు కాబట్టి ఆ పెద్దమనిషికి ముందు జిల్లేడు చెట్టుతో పెళ్లి చేశారు, తాళి కట్టించి, తలంబ్రాలు పోయించి. అది మూడోది కింద పోయింది, ఈ పిల్ల నాలుగోది. దీన్ని శాస్త్రంలో అర్కవివాహం అంటారు. చిన్నతాతయ్య ఈ కథ చెప్పినప్పుడల్లా చివర్న "కాలవగట్టు మీద జిల్లేడుకి కూడా మొగుడు దొరికాడ్రా, నాకు పెళ్లాం దొరకలేదు గానీ" అని ముగించేవాడు. అందరం పడీ పడీ నవ్వేవాళ్లం. అత్తయ్య మాత్రం నవ్వేది కాదు, ఆవిడకి చెవుడనుకునేవాణ్ణి.

తర్వాత కాలం తిరగబడింది. మెట్రిక్ ప్యాసైనవాడికి, ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) చదివినవాడికి, గవర్నమెంటు ఉద్యోగం వచ్చినవాడికి ఎదురు డబ్బివ్వడం మొదలైంది. మా ముత్తాత తరం శుల్కం ఇచ్చింది, మా నాన్న తరం కట్నం పుచ్చుకుంది, మధ్యలో ఇరవై ముప్ఫై ఏళ్లలో తక్కెడ అటు నించి ఇటు పూర్తిగా ఒరిగిపోయింది. ఆడపిల్లని అమ్ముకోవడం తప్పని గింజుకున్న పెద్దమనుషులే మగపిల్లాణ్ణి అమ్ముకోవడానికి ఏ మాత్రం సిగ్గుపడలేదు, సరే అదో కథ. చిన్నతాతయ్యకి వీధిబడి చదువు, సంస్కృతం కాస్త. ఇంగ్లీషు లేదు. "కొనుక్కునే రోజుల్లో నా దగ్గర డబ్బు లేదు, అమ్ముడుపోయే రోజులు వచ్చేసరికి సరుకు పాతబడింది" అనేవాడు.

బ్రహ్మచారి అంటే గౌరవం లేదా అంటే ఉంది, అదే నాకు చిరాకు. 1922లో మన్యంలో అల్లూరి సీతారామరాజు లేస్తే మా గోదావరి జిల్లాలన్నీ ఊగిపోయాయి, పెళ్లీ గిళ్లీ లేని తపస్వి, ఆజన్మ బ్రహ్మచారి అని దణ్ణం పెట్టుకునేవారు, 1924లో ఆయన్ని కాల్చేస్తే మా ఊళ్లో రెండిళ్లల్లో పొయ్యి వెలగలేదని చిన్నతాతయ్యే చెప్పాడు. కట్టమంచి రామలింగారెడ్డి గారు జీవితాంతం పెళ్లి చేసుకోలేదు, కేంబ్రిడ్జిలో చదివారు, ఆంధ్రా యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలర్. ఆయన్ని ఎవరైనా పాపం అన్నారా? చదువే ఆయన సంసారం అన్నారు. అడవికి వెళ్లినవాడిది దీక్ష, కేంబ్రిడ్జి వెళ్లినవాడిది ఇష్టం, కాకినాడ కొట్లో పద్దులు రాసేవాడిది మాత్రం గతిలేనితనం. ముగ్గురికీ జంధ్యాల లెక్కలో, ఇంటి దీపం లెక్కలో తేడా ఏముంది చెప్పండి. (రాజుగారికీ రెడ్డిగారికీ జంధ్యం సంగతి నన్నడక్కండి, మాటవరసకి అన్నాను.)

1924 తర్వాత చిన్నతాతయ్య ఊరికి వచ్చేశాడు. అన్నగారి పిల్లలు, పొలం, కొబ్బరి దింపు, దేవుడి మాన్యం కౌలు లెక్కలు. ఆస్తి పంపకం మాటే రాలేదు. మా నాన్న కోర్టు పక్షి కాబట్టి ఆయనే ఒకసారి విడమర్చి చెప్పాడు, ఉమ్మడి కుటుంబంలో పెళ్లీ పిల్లలూ లేకుండా పోయినవాడి వాటా ఆ రోజుల్లో మిగతా అన్నదమ్ములకే కలిసిపోయేదట. అంటే తమ్ముడికి పెళ్లి చెయ్యాలంటే అన్న డబ్బు తియ్యాలి, చెయ్యకపోతే తమ్ముడి వాటా అన్న పిల్లలకి. మా తాతయ్య చెడ్డవాడని నేననను. కానీ మూడొందల చిల్లర దాచుకున్న తమ్ముడికి 1919లో ఆ వంద రూపాయలు ఎదురేసి ఉంటే ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అర ఎకరం తాకట్టు పెడితే వచ్చేది. నాన్న దగ్గర ఈ మాట ఒక్కసారే అన్నాను. లేచి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. ఆ పొలం మీదే కదా నేను చదువుకున్నది.

ఊరంతా చెప్పే కథ ఇంతవరకే, బెమ్మచారి గారికి పిల్లనిచ్చినవాడు లేడు అని. ఇంకో ముక్క అత్తయ్య చెప్పింది నాకు, 1969లో అనుకుంటా, వేసవి సెలవుల్లో పెరటి వసారాలో చింతపండు పిక్కలు తీస్తూ, నేను అడక్కుండానే.

1930 ఏప్రిల్ 1 నించి శారదా చట్టం అమల్లోకి వస్తుందన్నారు. ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే శిక్ష. ఇటు చూస్తే రజస్వల అయ్యేలోపు పెళ్లి చెయ్యకపోతే వెలి. దాంతో ఆ మాఘం, ఫాల్గుణం పెళ్లిళ్లే పెళ్లిళ్లు, సన్నాయి మేళాలు దొరకలేదట, చంకలో పిల్లల్ని ఎత్తుకునే తాళి కట్టించేశారట. ఆ హడావుడిలో ఒక పెళ్లిళ్ల పేరయ్య ఈయన్ని వెతుక్కుంటూ వచ్చాడు. పిల్లకి ఎనిమిదేళ్లు, తండ్రి లేడు, శుల్కం అక్కర్లేదు, మీరు ఊ అంటే చాలు పదిరోజుల్లో ముహూర్తం. చిన్నతాతయ్యకి ముప్ఫై ఏడు. మామ్మ ఎగిరి గంతేసిందట మరిదికి పెళ్లని, కొత్త పంచెల చాపు కూడా తీయించింది. ఈయన పిల్లని చూడ్డానికి వెళ్లాడు.

"సాయంత్రం పంటు మీద వచ్చేశాడు. ఆవేళే మంగలి వచ్చి వెళ్లాడు, నేను నూతి దగ్గర నీళ్లు పోసుకుని ఇదిగో ఈ మెట్టు మీదే కూచున్నాను. గుండు ఇంకా మండుతోంది, కొత్తగా కత్తి పెడితే మండుతుంది కదా. నా వంక చూశాడు. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి వదినతో ఒద్దని చెప్పొచ్చానన్నాడు. ఏమిరా నీకేం తిక్కా అంది. ఆ పిల్లకి ఎనిమిది వదినా, నేనెంతకాలం ఉంటాననీ అన్నాడు."

కాసేపు పిక్కలు తీసింది. తర్వాత, "చూడు, ఇంకా ఉన్నాడు గుండ్రాయిలా. ఆ పిల్ల హాయిగా ముత్తైదువలా తిరిగేది" అని, నవ్విందో విసుక్కుందో నాకు తెలియలేదు.

నేను అడిగాను, మరి ఊళ్లో అందరూ పిల్ల దొరకలేదు అంటుంటే ఒప్పుకుంటాడేం, నేనే వద్దన్నానని చెప్పుకోవచ్చు కదా అని. "ఎందుకని అడుగుతారు కదురా, అప్పుడు నన్ను చూపించాలి" అంది.

ఆయన 1971 ఆశ్వయుజంలో పోయాడు. రాత్రి పెరుగన్నం తిని పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. డెబ్బై ఎనిమిదేళ్లు. నేను అప్పుడు బి.ఎస్సీ., దసరా సెలవులకి వచ్చి ఉన్నాను. వీధిలో జనం చేరారు, నాన్న కర్తగా తడిబట్టలతో నిలబడ్డాడు. అప్పుడు పురోహితుడు గారు ఒక మెలిక పెట్టారు, స్నాతకం (బ్రహ్మచర్యం ముగించే తంతు) కాకుండా, వివాహం కాకుండా పోయారు కాబట్టి ముందు అర్కవివాహం జరిపించి అప్పుడు సంస్కారం చెయ్యాలి, లేకపోతే ఉత్తమగతులుండవు, వంశానికీ మంచిది కాదు అని. అరుగు మీద పెద్దలు అవునవును అన్నారు. నాన్న ఏమీ తోచక నా వంక చూస్తే నేనే పరుగెత్తుకెళ్లి కాలవగట్టు మీంచి జిల్లేడు కొమ్మ, పువ్వులతో సహా, విరుచుకొచ్చాను.

వచ్చేసరికి అత్తయ్య వీధి గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ వీధి గుమ్మంలోకి రావడం నేను పుట్టాక చూడలేదు. మగాళ్లంతా అటూ ఇటూ సర్దుకున్నారు. ఆవిడ ఎవరి మొహమూ చూడకుండా నా చేతిలో కొమ్మ వంక చూస్తూ, "ఇప్పుడు దానికి తాళి కట్టించి వాణ్ణి తీసుకెళ్లి తగలబెడతారు. అది ముండమొయ్యాలి. ఎందుకురా, ఈ ఇంట్లో ఒకత్తిని చాలనా?" అంది.

ఎవరూ మాట్లాడలేదు. పురోహితుడు గారు ఉత్తరీయం సర్దుకున్నారు. నాన్న కాసేపాగి, "కానివ్వండి, ఇలాగే బయల్దేరదీద్దాం" అన్నాడు, అంతకుమించి శాస్త్రచర్చ జరగలేదు. ఆ ఒక్క జంధ్యంతోనే తీసుకెళ్లాం, పాడె ముందు వైపు ఎడం కొమ్ము నేను పట్టాను.

శ్మశానం నించి వచ్చి చూస్తే ఆ జిల్లేడు కొమ్మ వీధరుగు మీదే పడుంది, పువ్వులు వాడిపోయి. ఏం చెయ్యాలో తెలీక పెరటి గోడ అవతలికి విసిరేశాను. విరిచినప్పుడు పాలు చేతికి అంటాయి కదా, ఎంత తోమినా ఆ జిగురు వేళ్ల మధ్య రెండ్రోజుల దాకా పోలేదు.